ఇల్లు కట్టించే ఒప్పందం: ముగ్గు పోసిన రోజు నుంచి తాళాలు అందేదాకా ఎవరి బాధ్యత ఎంత

"చదరపు అడుగుకు రెండు వేలు, ఎనిమిది నెలల్లో తాళాలు." ముప్పై నలభై లక్షల ఇంటి పనికి మన ఊళ్లలో కుదిరే ఒప్పందం చాలాసార్లు ఇంతే. స్టాంపు పేపరు మీద ఈ రెండు ముక్కలూ రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించి, ముహూర్తం చూసి ముగ్గు పోస్తారు. నాలుగు నెలలు తిరిగేసరికి పేచీలు మొదలవుతాయి. సంపు ఎవరి ఖర్చు? మెట్ల గది కొలతలోకి వస్తుందా? పునాది రెండడుగులు ఎక్కువ లోతుకు పోతే ఆ డబ్బు ఎవరిది? ఇలాంటి తగాదాలు చూడటం నా వృత్తిలో భాగం. వాటిలో మోసగాళ్లు తక్కువ. రాసుకోవలసింది రాసుకోక ఒకరికొకరు శత్రువులైన మంచివాళ్లే ఎక్కువ. చదరపు అడుగు రేటునే ఒప్పందమని నమ్మడం దగ్గర ఆ శత్రుత్వానికి బీజం పడుతుంది.

సొంత స్థలంలో కాంట్రాక్టరుతో ఇల్లు కట్టించుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. కాంట్రాక్టరుకూ ఇంతే అవసరం, ఎందుకంటే చేసిన పనికి డబ్బు రాబట్టుకోలేక నష్టపోయే మేస్త్రులను కూడా నేను తరచూ చూస్తుంటాను. ఇక్కడ చెప్పే చట్టాలు కేంద్ర చట్టాలు కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా వర్తిస్తాయి.

1. కూలీ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా?

సిమెంటు, ఇనుము, ఇసుక మీరు కొనిచ్చి పనితనం మాత్రమే మేస్త్రికి అప్పగిస్తే అది లేబర్ కాంట్రాక్టు. సరుకు నాసిరకమైతే ఆ బాధ్యత మీదే, సరుకు ఆలస్యమై కూలీలు ఖాళీగా కూర్చుంటే ఆ నష్టమూ మీదే. మెటీరియల్‌తో సహా ఇస్తే రెండూ కాంట్రాక్టరువి. "ఇనుము మీది, మిగతాది మాది" అనే మిశ్రమ ఒప్పందాల్లో రేపు స్లాబు బీటలిస్తే ఒకరు ఇనుమునూ మరొకరు పనితనాన్నీ చూపిస్తారు. తప్పనిసరైతే ఏ వస్తువు ఎవరిదో పట్టికగా రాసి ఒప్పందానికి జతచేయండి.

పన్ను కూడా ఈ తేడా మీదే నిలబడింది. విడిగా ఉన్న ఒకే ఇంటికి చేసే కేవలం కూలీ కాంట్రాక్టుకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మెటీరియల్‌తో సహా చేస్తే, రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టరు 18 శాతం వసూలు చేయాలి. ముప్పై లక్షల మీద అది 5 లక్షల 40 వేలు. "రేటులో జీఎస్టీ కలిసి ఉంది" అనో "అదనం" అనో ఒక్క వాక్యం రాయకపోతే చివరి బిల్లు దగ్గర ఈ మొత్తమే గొడవ అవుతుంది. ఏడాదిలో చెల్లింపులు 50 లక్షలు మించితే, సొంత ఇంటికే అయినా, మీరు 2 శాతం టీడీఎస్ (చెల్లింపు దగ్గరే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి కట్టాలి.

అవతలి మనిషి ఎవరన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. విజిటింగ్ కార్డు మీద కంపెనీ పేరుండి, డబ్బు బావమరిది ఖాతాలోకి వెళ్తుంటే రేపు నోటీసు ఎవరికి పంపుతారు? సంతకం పెట్టే వ్యక్తి పేరు, చిరునామా, పాన్, సంస్థ అయితే అందులో అతని హోదా, డబ్బు వెళ్లే ఖాతా సంఖ్య ఒప్పందంలో ఉండాలి.

2. చదరపు అడుగు అంటే ఏ చదరపు అడుగో రాయండి

ఈ ఒక్క అంశం మీద ఒక సాయంత్రమంతా వెచ్చించినా వృథా కాదు. 1,200 చదరపు అడుగుల ఇల్లు అనుకుందాం. గోడల బయటి అంచు నుంచి కొలిస్తే వచ్చేది ఒకటి, స్లాబు అంచు నుంచి కొలిస్తే వచ్చేది మరొకటి. బాల్కనీ, పోర్టికో, మెట్ల హెడ్‌రూమ్, సజ్జలు కలుపుకుంటూ పోతే 1,400 అవుతుంది. రెండు వేల రేటు మీద తేడా నాలుగు లక్షలు. కాంట్రాక్టరు స్లాబు కొలతనూ యజమాని గోడల కొలతనూ మనసులో పెట్టుకుని, ఇద్దరూ నిజాయితీగానే చేయి కలుపుతారు.

అందుకే "కొలత అంటే ప్రతి అంతస్తు స్లాబు బయటి అంచు నుంచి అంచుకు, బాల్కనీ, పోర్టికో సగం, సజ్జలు లెక్కలోకి రావు, హెడ్‌రూమ్ పూర్తిగా" అన్నట్టు రాయండి. ఈ నిష్పత్తులు మీరిద్దరూ బేరమాడుకుని తేల్చుకోవలసినవి, ఏదైనా ఫరవాలేదు, కాగితం మీద ఉండాలి. తర్వాత రేటులో లేని పనుల జాబితా: సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, బోరు, బేస్‌మెంటు మట్టి నింపడం, ఎలివేషన్ పనులు, కప్‌బోర్డులు, పిట్టగోడ ఎంత ఎత్తు దాకా, కరెంటు మీటరు ఖర్చు, పనికి వాడే నీళ్లు, కరెంటు బిల్లు. ఒక్కోదాని ఎదురుగా "కలిసి ఉంది", "అదనం, ఇంత" అని రాసుకోండి.

పునాదికి విడిగా ఒక నిబంధన కావాలి. భూమి లోపల ఏముందో తవ్వేదాకా ఎవరికీ తెలియదు. నల్లరేగడి అయితే లోతుకు పోవాలి, బండ తగిలితే బ్రేకరు పెట్టాలి. "నేలమట్టం నుంచి ఐదడుగుల వరకు రేటులో భాగం, అంతకు మించితే తవ్వకం ఘనపు మీటరుకు ఇంత, కాంక్రీటు ఘనపు మీటరుకు ఇంత" అని ముందే రాసుకుంటే గుంట దగ్గర నిలబడి బేరమాడవలసిన అవసరం రాదు.

3. డ్రాయింగులూ సరుకు వివరాలూ ఒప్పందంలో భాగమే

మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను ఒక్కటే సరిపోదు. పిల్లర్లలో ఎన్ని కడ్డీలు, ఎంత లావు, రింగులు ఎంత దూరంలో అన్నది చెప్పేది స్ట్రక్చరల్ డ్రాయింగు. అర్హత గల స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన ఆ కాగితాలకు వరుస సంఖ్యలు, తేదీలు వేసి, రెండు పక్షాలూ ప్రతి పేజీ మీద సంతకం చేసి జతచేయండి. ఇది లేకపోతే రేపు ఇంటికి లోపం వచ్చినప్పుడు డిజైను తప్పా, పనితనం తప్పా అని తేల్చే ఆధారమే ఉండదు. డిజైను లోపానికి ఇంజనీరు, డ్రాయింగు ప్రకారం కట్టకపోతే కాంట్రాక్టరు, డ్రాయింగు ఉండగా "ఇంకో పిల్లరు తీసేయండి, హాలు విశాలంగా ఉంటుంది" అని మార్పించి ఉంటే యజమాని. బాధ్యత ఇలా విడిపోవాలంటే కాగితం కావాలి.

సరుకు వివరాల్లో "మంచి కంపెనీ సిమెంటు" అనే మాటకు అర్థం లేదు. సిమెంటు రకం, ఇనుము గ్రేడు, కాంక్రీటు గ్రేడు, టైల్స్ చదరపు అడుగుకు ఎంత ధర వరకు, స్విచ్చులు ఏ బ్రాండు, రంగులు ఎన్ని కోట్లు, లప్పం ఎన్నిసార్లు అన్నవి రాయాలి. "లేదా దానికి సమానమైనది" అన్న మాట వాడితే, అది సమానమని నిర్ణయించేది యజమాని రాతపూర్వక ఆమోదమేనని పక్కనే చేర్చండి.

ఒప్పందం తెలుగులోనే రాయండి. దస్తావేజు రాసేవారి దగ్గర దొరికే ఇంగ్లిషు నమూనా మీద ఇద్దరూ చదవకుండా సంతకాలు పెట్టడం కంటే, మేస్త్రి చదివి అర్థం చేసుకున్న నాలుగు తెలుగు పేజీలు కోర్టులోనూ బలంగా నిలబడతాయి. స్టాంపు విలువ ఎంత ఉండాలో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో కనుక్కోండి. స్టాంపు చాలకపోతే, బకాయి సుంకమూ జరిమానా కట్టేదాకా కోర్టు ఆ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోదు.

4. డబ్బు ఎప్పుడూ పని వెనక నడవాలి

"స్లాబు వేసే ముందు ఐదు లక్షలు" అన్న షరతుకూ "స్లాబు వేశాక ఐదు లక్షలు" అన్న షరతుకూ చాలా దూరం ఉంది. మొదటి రకంలో మీ డబ్బు వేరే సైటులో స్లాబు అవుతుంది. నేను సూచించే విభజన ఇది: అడ్వాన్సు 5 శాతం, ప్లింత్ బీమ్ (పునాది మీద గోడల కింద వేసే బీమ్) పూర్తయ్యాక 15, స్లాబు పడ్డాక 20, గోడలు లేచాక 15, ప్లాస్టరింగ్ అయ్యాక 15, ఫ్లోరింగు, కరెంటు, నీళ్ల పైపుల పనులకు 15, రంగులకు 5, తాళాలు ఇచ్చినప్పుడు 5, మిగిలిన 5 శాతం ఏడాది తర్వాత. ఆ చివరి మొత్తం లోపాల మరమ్మతుకు హామీగా మీ దగ్గర ఉంటుంది. కాంట్రాక్టరుకూ న్యాయం కావాలి కదా: ఒక్కో దశ పూర్తయ్యిందని రాసిచ్చిన ఏడు రోజుల్లో డబ్బు రాకపోతే పని ఆపే హక్కు, ఆ ఆలస్యం మేరకు గడువు పెంపు ఆయనకు ఇవ్వండి. బ్యాంకు రుణం తీసుకుంటే బ్యాంకు ఇంజనీరు విడుదల చేసే దశలతో ఈ దశలు కలిసేలా చూసుకోవాలి. లేకపోతే పని అయినా డబ్బు చేతికి రాక ఇరుక్కుంటారు.

నగదు ఇస్తే ప్రతిసారీ రశీదు, అందులో ఏ దశకు ఇచ్చిందో కూడా ఉండాలి. హామీ కింద ఖాళీ చెక్కులు ఇవ్వవద్దు, తీసుకోవద్దు. చెక్కు చెల్లకపోతే బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు రాకపోతే ఆ తర్వాత నెలలోపు క్రిమినల్ ఫిర్యాదు చేయవచ్చు. సివిల్ లెక్కల పేచీని ఆ దారి పట్టించడం ఇద్దరికీ భారమే.

5. గడువు, ఆలస్యానికి పరిహారం

భారత ఒప్పందాల చట్టం, 1872లోని 55వ సెక్షన్ ఇంటి యజమానులను తరచూ దెబ్బతీస్తుంది. గడువు దాటాక కూడా మీరు పని స్వీకరిస్తూ పోతే, "ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు నాకుంది" అని స్వీకరించే సమయంలోనే తెలియజేయకపోతే, ఆ పరిహారం అడగలేరు. గృహప్రవేశం హడావుడిలో ఎవరికీ ఈ సంగతి గుర్తుకు రాదు. గడువు దాటిన రోజే రెండు వాక్యాల లేఖ పంపండి.

ఆలస్యానికి రోజుకు ఇంత అని రాసుకోవచ్చు, ఉదాహరణకు రోజుకు వెయ్యి రూపాయలు, మొత్తం ఒప్పంద విలువలో 5 శాతం మించకుండా. అయితే 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇచ్చేది సహేతుకమైన పరిహారం. 2015లో కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది: నష్టాన్ని రుజువు చేయగలిగిన చోట రుజువు చేయాలి. కాబట్టి ఆలస్యమైన నెలల్లో మీరు కట్టిన ఇంటి అద్దె రశీదులు దాచుకోండి.

గడువు పెంచదగిన కారణాలూ రాయండి: విడవని వానలు, ఇసుక సరఫరాపై ప్రభుత్వ ఆంక్షలు, యజమాని నిర్ణయాల జాప్యం, డబ్బు జాప్యం. ఏ కారణమైనా తలెత్తిన వారం లోపు రాతలో తెలియజేస్తేనే చెల్లుతుందన్న షరతు ఉంటే, చివర్లో ఏడాది వానలన్నీ ఏకరువు పెట్టే అవకాశం ఉండదు.

6. మార్పులు: ముందు రాత, తర్వాత తాపీ

పని మధ్యలో మార్పులు రాని ఇల్లు లేదు. అమ్మగారు వంటగదికి ఇంకో కిటికీ అడుగుతారు, పూజగది తూర్పుకు జరుగుతుంది. మేస్త్రి "చేసేద్దాం సార్" అంటాడు, ధర మాట ఎత్తడు. చివరి బిల్లులో "అదనపు పనులు" కింద రెండున్నర లక్షలు కనిపించినప్పుడు యజమాని అవాక్కవుతాడు. మేస్త్రి మాత్రం ఉచితంగా చేస్తానని ఎన్నడూ అనలేదు. చట్టం కూడా పూర్తిగా యజమాని పక్షాన లేదు: ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని ప్రయోజనాన్ని మరొకరు అనుభవిస్తే, ఒప్పందాల చట్టం 70వ సెక్షన్ కింద దానికి తగిన ప్రతిఫలం చెల్లించవలసి రావచ్చు.

దీనికి మందు ఒక చిన్న పుస్తకం. ప్రతి మార్పుకూ ఒక పేజీ: ఏమి మారుతోంది, ఎంత ఖర్చు పెరుగుతుంది లేదా తగ్గుతుంది, గడువు ఎన్ని రోజులు జరుగుతుంది, ఇద్దరి సంతకాలు. పుస్తకం సైటులో లేకపోతే వాట్సాప్‌లో అవే నాలుగు వివరాలు పంపి "సరే" అన్న జవాబు తెప్పించుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డులు సాక్ష్యంగా చెల్లుతాయి, అయితే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేయాలి. ఫోను మార్చినప్పుడు ఆ సంభాషణలు పోకుండా చూసుకోండి. ఇంట్లో మార్పులు చెప్పే అధికారం ఒక్కరికే ఉందని ఒప్పందంలో రాస్తే సగం అయోమయం తప్పుతుంది.

7. స్లాబు రోజు

సైటు డైరీ రోజూ రాయాలి: ఎంతమంది వచ్చారు, ఏ సరుకు దిగింది, వాన పడిందా. కానీ ఒకే ఒక్క రోజు పక్కాగా ఉండగలిగితే, స్లాబు రోజున ఉండండి. కాంక్రీటు పడ్డాక లోపల ఏముందో చూడటం ఎవరి తరమూ కాదు.

ముందు రోజు సాయంత్రం ఇంజనీరుతో ఇనుము తనిఖీ చేయించి, "డ్రాయింగు ప్రకారం ఉంది, కాంక్రీటు వేయవచ్చు" అన్న కాగితం మీద సంతకం తీసుకోండి. కడ్డీల మీద టేపు పరిచి, అంకెలు కనిపించేలా ఫొటోలు తీయండి. కడ్డీ కింద కవర్ బ్లాకులు (కడ్డీ చుట్టూ కాంక్రీటు పట్టేలా ఎడం ఉంచే చిన్న దిమ్మెలు) ఉన్నాయా చూడండి. స్లాబుకు 20 మిల్లీమీటర్లు, పిల్లరుకు 40, ఫుటింగుకు 50 కనీస కవర్‌గా కాంక్రీటు పనికి మన ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. కంకర రాళ్ల ముక్కలు పెట్టి సరిపుచ్చే అలవాటును అక్కడికక్కడే ఆపించండి.

కాంక్రీటు నడుస్తుండగా, దాని బలం పరీక్షించడానికి 150 మిల్లీమీటర్ల క్యూబులు పోయించాలి. 1,200 చదరపు అడుగుల స్లాబు ఐదంగుళాల మందంలో సుమారు 14 ఘనపు మీటర్లు, బీములతో కలిపి 15 దాటుతుంది. 16 నుంచి 30 ఘనపు మీటర్ల వరకు 3 శాంపిళ్లు తీయాలని అదే ప్రమాణం చెబుతుంది. శాంపిలుకు 3 క్యూబులు, మొత్తం 9. వాటి మీద తేదీ గీసి, 28 రోజుల తర్వాత ల్యాబులో పరీక్షించాలి. ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ఉండాలి. కొన్ని వేల రూపాయలతో వచ్చే ఈ రిపోర్టు ఐదేళ్ల తర్వాత కాంట్రాక్టరును కూడా కాపాడగలదు.

తర్వాతది సెంట్రింగ్ విప్పే తేదీ. వేరే సైటుకు కావాలని తొందరపెడతారు. 4.5 మీటర్ల లోపు స్లాబుకు ఊతకర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14. బీములకు 6 మీటర్ల లోపు 14, మించితే 21. పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన) సిమెంటు వాడితే క్యూరింగు, అంటే నీళ్లతో తడిపి ఉంచడం, కనీసం 10 రోజులు. ఈ అంకెలను ఒప్పందంలోకి ఎక్కించండి. అప్పుడు అది మీ చాదస్తంగా కాక షరతుగా ఉంటుంది.

8. కూలీ పడితే, పక్కింటి గోడ పగిలితే

2016 డిసెంబరులో హైదరాబాదు నానక్‌రాంగూడలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి, పొట్టకూటి కోసం వచ్చిన కూలీలు చనిపోయారు. భవన యజమానిని పోలీసులు అరెస్టు చేశారు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. "ప్రమాదాలకు పూర్తి బాధ్యత కాంట్రాక్టరుదే" అన్న వాక్యం మీ ఇద్దరి మధ్యే పనిచేస్తుంది. చనిపోయిన మనిషి కుటుంబాన్నో పోలీసులనో అది ఆపలేదు.

పరిహారం మొదట కూలీలను పనిలో పెట్టుకున్నవారి మీద పడుతుంది. మస్టరు (హాజరు పట్టీ) మీరే నడిపి కూలీ మీరే ఇస్తుంటే ఆ స్థానం మీది. కాంట్రాక్టరు కూలీలైనా, కేసులో ఇంటి యజమానిని కూడా ప్రతివాదిగా చేర్చడం మామూలే. అందుకని కార్మికుల పరిహార బీమా పాలసీ కాపీ, ప్రీమియం రశీదు చేతికి అందాకే పని మొదలుపెట్టనివ్వండి. అంతస్తుల పనికి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ (నిర్మాణ సమయంలో జరిగే నష్టాలకు బీమా) కూడా అవసరమే. దుర్ఘటన జరిగితే ఊళ్లో పెద్దమనుషుల సమక్షంలో కుటుంబానికి కొంత ఇచ్చి కాగితం రాయించుకోవడం మన దగ్గర ఆనవాయితీ. మరణం విషయంలో పరిహారాన్ని చట్టం చెప్పిన అధికారి దగ్గర జమ చేయాలి. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం నుంచీ ఉన్న నియమం ఇది. నేరుగా ఇచ్చిన డబ్బును పరిహారంగా లెక్కించరు. ఆ కుటుంబానికి కూడా చట్టబద్ధమైన లెక్క ప్రకారం రావలసింది చాలాసార్లు ఊరి పంచాయితీ ఇప్పించినదానికంటే ఎక్కువే.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదైనవారికి ప్రమాద సాయం అందుతుంది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గత ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవారు నమోదు కావచ్చు. మీ సైటులో పనిచేసేవారికి కార్డులున్నాయో లేవో అడగడం, లేకపోతే చేయించమని మేస్త్రికి చెప్పడం మీ చేతిలోని పనే. హెల్మెట్లు, అంచుల దగ్గర అడ్డు కర్రలు, ఎత్తులో బెల్టులు అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పక్కింటివారి సంగతి: తవ్వకానికి ముందు వారి సమక్షంలోనే వారి గోడల ఫొటోలు తీసి, పాత పగుళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి సంతకం తీసుకోండి. పక్క భూమికి ఆధారంగా ఉన్న మట్టిని తీసేసి నష్టం చేస్తే బాధ్యత తప్పదు. ప్లాను అతిక్రమించి కడితే మున్సిపాలిటీ నోటీసు వచ్చేది మీ పేరు మీదే.

9. స్వాధీనం, లోపాల గడువు

అపార్టుమెంటు కొన్నవారికి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ఐదేళ్ల రక్షణ ఇస్తుంది. నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఈ రక్షణ తమకూ ఉందనుకునే ఇంటి యజమానులు చాలామంది. సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకున్న ఇంటికి అది వర్తించదు. కావాలంటే ఒప్పందంలో రాసుకోవాలి: నిర్మాణ లోపాలకు ఐదేళ్లు, నీటి కారుడు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగు, ఫిట్టింగులకు ఏడాది. లోపం తెలిపిన ఇన్ని రోజుల్లో సరిచేయకపోతే మీరే చేయించి ఆ ఖర్చును నిలిపి ఉంచిన 5 శాతం నుంచి తీసుకునే హక్కు కూడా చేర్చండి. ఆ ఏడాదిలో ఒక వానాకాలం పూర్తిగా రావాలి.

మాఘంలోనో వైశాఖంలోనో ముహూర్తం ఉందని పని పూర్తికాకుండానే పాలు పొంగించడం మన ఆచారం, తప్పు లేదు. ఆ ముందు రోజు మాత్రం ఇద్దరూ కలిసి గది గదీ తిరిగి, మిగిలిన పనుల జాబితా రాసి సంతకాలు చేయండి. గృహప్రవేశం పని స్వీకరించినట్టు కాదన్న వాక్యం అందులో ఉండాలి.

10. తెగితే ఏ దారి

మొదట రాతపూర్వక నోటీసు, స్పీడ్ పోస్టులో: ఏమి జరిగింది, ఏమి కావాలి, ఎన్ని రోజుల్లో. పోలీసు స్టేషనులో "సెటిల్‌మెంట్" కోసం పరుగెత్తకండి. ఒప్పందం ఉల్లంఘించడమే మోసం కాదని, మొదటి నుంచే వంచించే ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది.

నివాసం కోసం కట్టించుకున్న యజమానికి వినియోగదారుల కమిషన్ అందుబాటులో ఉన్న దారి. ఇంటి నిర్మాణం సేవ అని 2019 చట్టంలోనే ఉంది. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల వరకు జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. వివాదం తలెత్తిన రెండేళ్లలో వేయాలి. డబ్బు రావలసిన కాంట్రాక్టరు సివిల్ కోర్టుకు వెళ్లాలి, పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లలో. "30 రోజుల తర్వాత ఏ క్లెయిమూ చెల్లదు" అని హక్కునే తుడిచేసే షరతులు ఒప్పందాల చట్టం 28వ సెక్షన్ ముందు నిలవవు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అప్పీలు లేని తీర్పు వస్తుంది, ఖర్చూ తక్కువ.

ముప్పై లక్షల ఇంటికి ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) నిబంధన పెట్టమని నేను సలహా ఇవ్వను. ఫీజులకే చాలా పోతుంది. పెట్టినా, మధ్యవర్తిని ఒక పక్షమే నియమించే షరతు 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు తర్వాత నిలబడదు. దానికి బదులు కొలతలు, నాణ్యత విషయంలో ఇద్దరూ ముందే ఒప్పుకున్న ఒక స్వతంత్ర ఇంజనీరు పేరు ఒప్పందంలో రాసుకుంటే చాలా పేచీలు ఆయన దగ్గరే ఆగిపోతాయి.

కాంట్రాక్టరు మధ్యలో వదిలేసి పోతే, కోపంలో మర్నాడే కొత్త మేస్త్రిని దించవద్దు. ఫలానా తేదీన ఉమ్మడి కొలతలకు రమ్మని నోటీసు ఇవ్వండి. రాకపోతే స్వతంత్ర ఇంజనీరుతో, సాక్షుల ముందు, జరిగిన పని అంతా కొలిపించి వీడియో తీయించండి. సైటులో మిగిలిన సిమెంటు బస్తాలు, ఇనుము, సెంట్రింగ్ సామాను లెక్క రాయించండి. ఆ తర్వాతే కొత్త మేస్త్రి తాపీ పట్టాలి. పాత పని మీద కొత్త ప్లాస్టరింగ్ ఒక్క పూత పడినా, ఏది ఎవరు చేశారో ఏ కోర్టూ తేల్చలేదు.